ఎముకల మీది బొడిపెలు: నేను చదివిన తీరు

అనాటమీలో ఎముకల చాప్టర్ తెరవగానే ట్యూబర్‌కిల్, ట్యూబరాసిటీ, ట్రొకాంటర్, కాండైల్, ప్రాసెస్ అంటూ పేర్లు వరసగా మీద పడతాయి. అన్నీ ఎముక మీద పొడుచుకొచ్చిన భాగాలే. నిర్వచనాల పట్టిక రాసుకుని బట్టీ పట్టడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ప్రతి బొడిపె దగ్గరా ఒకటే అడిగేదాన్ని: దీన్ని పట్టుకుని లాగే కండరం ఏది?

తొడ ఎముకే (ఫీమర్) చూడండి. గ్రేటర్ ట్రొకాంటర్‌కి గ్లూటియస్ మీడియస్, మినిమస్ అంటుకుంటాయి. లెస్సర్ ట్రొకాంటర్ ఇలియోసోయాస్‌ది. మనిషి ఎముకల్లో ట్రొకాంటర్ అనే పేరు ఫీమర్‌కే ఉంది కాబట్టి పరీక్ష ప్రశ్నలో ఆ మాట కనబడితే సగం జవాబు దొరికినట్టే. భుజం దగ్గర హ్యూమరస్ (పై చేతి ఎముక) గ్రేటర్ ట్యూబర్‌కిల్ మీద సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్. లెస్సర్ ట్యూబర్‌కిల్ మీద సబ్‌స్కాపులారిస్ ఒక్కటే. దీంతో భుజం కీలుని చుట్టి పట్టి ఉంచే రొటేటర్ కఫ్ నాలుగు కండరాలూ వచ్చేశాయి.

చదువుతూనే మీ ఒంటి మీద తడిమి చూసుకోండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మోకాలిచిప్ప కింద చేతికి తగిలే గట్టి ఎత్తు టిబియల్ ట్యూబరాసిటీ. తొడ ముందువైపు కండరం క్వాడ్రిసెప్స్ లాగే బలమంతా పటెల్లార్ లిగమెంట్ (మోకాలిచిప్ప కింది పట్టీ) మీదుగా అక్కడికే చేరుతుంది. చీలమండకి లోపలివైపు గుబ్బ (మాలియోలస్) మోకాలి కింది లావు ఎముక టిబియాది, బయటివైపుది దాని పక్కనున్న సన్న ఎముక ఫిబ్యులాది. బయటిది కాస్త కిందికి దిగి ఉంటుంది, వేలు పెట్టి పోల్చుకోండి. మోచేతికి లోపలివైపున్న ఎపికాండైల్ (హ్యూమరస్ కింది చివర బొడిపె) వెనక తడితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది. అక్కడ పోయేది అల్నార్ నరం. ఆ ఎపికాండైల్ విరిగితే ఏ నరానికి ముప్పు అన్న ప్రశ్నకి జవాబు మీ చేతిలోనే ఉంది!

కొరకాయిడ్, కొరొనాయిడ్ ప్రాసెస్‌లను ఆప్షన్లలో పక్కపక్కనే పెడతారు, జాగ్రత్త. కొరకాయిడ్ స్కాపులాది (భుజం రెక్క ఎముక), పెక్టొరాలిస్ మైనర్ అక్కడే అంటుకుంటుంది. కొరొనాయిడ్ మాత్రం రెండుచోట్ల ఉంది: ముంజేతి ఎముక అల్నా మీద బ్రేకియాలిస్‌కి, కింది దవడ మీద టెంపొరాలిస్‌కి.

మాస్టాయిడ్ ప్రాసెస్‌ని అసలు వదలకండి. చెవి వెనక తగిలే ఈ ఎముకకి మెడ కండరం స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అంటుకుంటుంది. పుట్టినప్పుడు ఇది ఇంకా ఏర్పడి ఉండదు. బిడ్డ తల నిలిపి, అటూ ఇటూ తిప్పేకొద్దీ ఆ కండరం లాగుడుకి పెరుగుతూ వస్తుంది. అప్పటిదాకా ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నరం చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. పట్టకారుతో బిడ్డ తల పట్టి లాగే ఫోర్‌సెప్స్ కాన్పులో దానికి దెబ్బ తగలడానికీ, చిన్నపిల్లల్లో చెవి వెనక కోత పెట్టేటప్పుడు సర్జన్లు అంత జాగ్రత్త పడడానికీ కారణం ఇదే.