చంద్రగిరి పేజీ తెరిచాక

తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉన్నా, ఎడిట్ నొక్కగానే కనిపించే ఆ బ్రాకెట్లూ గీతలూ చూస్తేనే టెన్షన్ వచ్చి మూసేసేదాన్ని. ఇప్పుడు విజువల్ ఎడిటర్‌తో మామూలుగా టైప్ చేసుకుంటూ పోవడమే. కొత్తవాళ్లకి చిన్న చిన్న పనులు చూపించే హోంపేజీ, డౌట్లు అడగడానికి ఒక పాత వాడుకరి కూడా ఉంటారు. చర్చా పేజీలో జవాబిస్తే సంతకం, అంటే మన వాడుకరి పేరూ తేదీ, దానంతటదే పడుతుంది, ఇదే నాకు తెగ నచ్చింది. తిరుపతి బస్టాండ్‌లో బస్సు కోసం కూర్చుని, చంద్రగిరి పేజీలో అక్కడి కోటలోని రాజమహల్ గురించి రెండు వాక్యాలు ఫోన్లోనే చేర్చా. కాసేపటికే ఎవరో వచ్చి 'మూలం ఇవ్వండి' అన్నారు, మంచిదేగా, లేకపోతే స్థలపురాణాలన్నీ చరిత్రైపోతాయి! పాత కట్టడాల ఫొటోలకి వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీ మామూలుగా సెప్టెంబర్‌లో ఉంటుంది, కోటకి ఎవరైనా వస్తారా? ఎండకి గొడుగు మీదే.