నత్తితో బ్యాంక్ పీఓ ఇంటర్వ్యూ: నా ప్రిపరేషన్

ఫ్రెండ్స్, క్వాంట్, రీజనింగ్ ఎలా చదవాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను ఆ జోలికి పోను. గట్టిగా నత్తి ఉండి, ఇంటర్వ్యూ ఉందనగానే పీఓ (బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్) నోటిఫికేషన్ పక్కన పెట్టేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నా.

నాది అప్పుడప్పుడు తడబడే నత్తి కాదు. మాట గొంతులోనే పట్టేస్తుంది, దవడ బిగుసుకుంటుంది, కళ్లు మూసుకుపోతాయి. మామూలు పదమైతే ఇంకోటి వెతుక్కుని గట్టెక్కుతాం. సొంత పేరుకి ఆ వీలు లేదు. అందుకే 'నీ పేరేంటి?' అన్నదే మనకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చిన్నప్పుడు ఇంట్లో వస నాకించారు, నోట్లో గులకరాళ్లు పెట్టి చదివించారు. పాపం, ప్రేమతోనే చేశారు. నత్తి మాత్రం అలాగే ఉంది.

ఇంటర్వ్యూ లేని ఐబీపీఎస్ క్లర్క్ (బ్యాంకు ఉద్యోగాలు), ఎస్సెస్సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు) లాంటివి ఇష్టమైతే హాయిగా రాయండి. భయంతో మాత్రం పీఓ వదలకండి. ఐబీపీఎస్ పీఓలో ఇంటర్వ్యూ 100 మార్కులకు. జనరల్‌కి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35 శాతం వస్తే క్వాలిఫై. ఫైనల్ లెక్కలో దాని వాటా 20 శాతమే, మిగతా 80 మెయిన్స్ రాత పరీక్షది. అంటే మన బలం మెయిన్స్‌లోనే కట్టుకోవాలి.

దివ్యాంగుల కోటా సంగతి చాలామంది అడుగుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం ఉంది కానీ, అక్కడ ఉదాహరణగా చెప్పింది స్వరపేటిక తీసేయడం, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట దెబ్బతినడం) లాంటివి. చిన్నప్పటి నుంచి ఉన్న నత్తికి సర్టిఫికెట్ వస్తుందన్న నమ్మకంతో ప్లాన్ వేసుకోకండి.

ఇక ప్రాక్టీస్. అద్దం ముందు చేయమని అందరూ చెప్తారు. మనకు అది పనికిరాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మనలో చాలామందికి మాట గడగడా వస్తుంది, ఎదురుగా మనిషి ఉంటేనే పట్టేస్తుంది. కాబట్టి మాక్ ఇంటర్వ్యూలు మనుషుల ముందే ఇవ్వాలి, అదీ కొత్తవాళ్ల ముందు. నేను స్పీచ్ థెరపీకి కూడా వెళ్లాను. మాట ఆగినప్పుడు బలవంతంగా తోయకుండా, కొంచెం ఊపిరి వదిలి అక్షరాన్ని మెత్తగా మొదలుపెట్టడం అక్కడే నేర్చుకున్నా. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అన్నిటికన్నా నాకు ఉపయోగపడింది ఒకటుంది. మనం ఆగిపోతే, మాట పట్టేసిందో జవాబు తెలియదో బోర్డుకి అర్థం కాదు. కూర్చోగానే ఆ తేడా మనమే చెప్పేయాలి. నేను చెప్పింది ఇదీ: "సర్, నాకు నత్తి ఉంది. తెలియకపోతే తెలియదని వెంటనే చెప్తాను. ఆగానంటే మాట వస్తోందని అర్థం." ఈ మూడు వాక్యాలు చెప్పడానికే చాలాసేపు పట్టింది. అయినా ఆ తర్వాత సగం టెన్షన్ దిగిపోయింది.

బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో 40 శాతం ఏ రంగాలకు వెళ్లాలని అడిగారు. 'ప్రయారిటీ సెక్టార్' అనాలి, 'ప్ర' దగ్గరే పట్టేసింది. ఇలాంటి టర్మ్‌కి మారుపదం ఉండదు, కాబట్టి రెపో రేటు, ప్రొవిజనింగ్ లాంటివి నత్తితోనే పైకి చెప్పి అలవాటు చేసుకోండి. ఒక మెంబరు పదం అందించబోయారు. "నేనే చెప్తాను సర్" అన్నాను. ఆగారు. చెప్పాను. వ్యవసాయం, ఎంఎస్‌ఎంఈ, విద్యా రుణాలు, ఇళ్లు... అన్నీ చెప్పేదాకా ఎవరూ మధ్యలో మాట్లాడలేదు.

ఇంటర్వ్యూ మార్కులు ఓ మోస్తరుగానే వచ్చాయి. మెయిన్స్ స్కోరు లాక్కొచ్చింది, బ్యాంకు అలాట్‌మెంట్ వచ్చింది.