మా పీడీ సార్ పూర్వాపరాలు

అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో వ్యాయామ విద్యా సంచాలకులుగా పనిచేసి ఈమధ్యే పదవీ విరమణ చేసిన మా పీడీ సార్ వృత్తి వివరాలను వీడ్కోలు సంచికకు రాసిపెట్టే పని నా మీద పడింది. వ్యాయామ విద్యలో బి.పి.ఇడి., ఎం.పి.ఇడి. డిగ్రీలు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా, ఆపైన ఉద్యోగం అని రాస్తే నాలుగు ముక్కల్లో ముగిసిపోయింది. ఆయన పరుగు జిల్లా స్థాయి దాటలేదన్న సంగతిని మాత్రం రాయవద్దని శ్రేయోభిలాషులు కొందరు సూచించారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు రాయవలసింది అదే.

సార్ 5000 మీటర్లు పరుగెత్తేవారు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు. సగం దాటాక గుంపు నుంచి జారిపోవడం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినవారు కనుక, కుర్రవాడి భుజాలు బిగుసుకోవడం చూసే వాడు ఏ చుట్టులో చేతులెత్తేస్తాడో చెప్పగలిగేవారు. పేరు మోసిన శిక్షకుల చరిత్ర చూసినా నాకు ఇదే కనిపిస్తుంది. పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. వారి గురువు ఆర్థర్ లిడియార్డ్ న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, వారానికి 160 కిలోమీటర్ల పద్ధతిని ముందు తన కాళ్ల మీదే పరీక్షించుకున్న మారథాన్ పరుగువాడు. పి.టి. ఉషను తీర్చిదిద్ది 1985లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న ఓ.ఎం. నంబియార్ వైమానిక దళంలో ఉద్యోగం చేసినవారు, పాటియాలాలో శిక్షణ పొందినవారు.

1961లో మొదలైన ఆ పాటియాలా సంస్థ తనకు లెక్క నేర్పిందని సార్ అనేవారు. ఎంత దూరం, ఎంత వేగం, మధ్యలో ఎంత విరామం అన్నవి పుస్తకంలో రాసుకోవడం అక్కడే అలవాటైందట. అంతకుముందు ఆయన ఎరిగిన శిక్షణంతా ‘ఇంకా గట్టిగా ఉరకరా’ అన్న కేకే!

కళాశాలలో పీడీ అంటే కబడ్డీ నుంచి చదరంగం దాకా అన్నీ ఆయన నెత్తినే ఉంటాయి; టోర్నమెంటు ఖర్చుల బిల్లులు సరేసరి. అథ్లెటిక్స్‌కు దక్కేది తెల్లవారుజాము ఒక్కటే. సున్నం గీతల ట్రాక్ ఒక్క వానకే చెరిగిపోతుంది కనుక ఆయన ట్రాక్‌తో పనిలేకుండా చేలు, గుట్టల మీదుగా సాగే క్రాస్ కంట్రీ పరుగు వైపు మొగ్గారు. శనక్కాయ పీకేసిన చేలు, ఎర్ర గరప నేలలు, డొంక దారులు, గుట్టల వాలు మా జిల్లాలో కావలసినన్ని ఉన్నాయి. ఎండ విషయంలో మాత్రం రాజీ లేదు. పొద్దు పొడిచేలోపు పరుగు ముగియవలసిందే. 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో మండుటెండకు 38 మందిలో 15 మందే గమ్యం చేరారనీ, ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పోటీయే లేకుండా పోయిందనీ ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్పేవారు. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో సీనియర్ మహిళలకూ పురుషులతో సమానంగా 10 కిలోమీటర్లు పెట్టింది 2017లో. మా సార్ అంతకు చాలా ముందే అమ్మాయిలను అదే దారిలో, అదే దూరం పరుగెత్తించారు.

విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైనవారు కొద్దిమందే. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలోని 1600 మీటర్ల పరుగు కోసం ఆయన వద్దకు వచ్చి, ఉద్యోగం దొరకగానే వెళ్లిపోయినవారు మాత్రం చాలామంది. వీరినీ ఆయన అథ్లెట్ల జాబితాలో చేర్చాలా అని సంచిక సంపాదకులు నన్ను అడిగారు. వీరి పేర్లే ముందు వేశాను.