హోదాల ప్రక్షాళన: నా అనుభవం

మా కంపెనీలో ఉద్యోగుల టైటిళ్లు, గ్రేడ్‌లు (అంటే ఉద్యోగాల స్థాయిలు) సరిచేసే పని అయిపోయింది. కొత్త హోదా తెలిపే ఉత్తరాలన్నీ పంచేశాం, అప్పీళ్ల గడువు కూడా నిన్నటితో ముగిసింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నా. "మన టైటిళ్లన్నీ ఒకసారి సరిచేయండి" అని ఎప్పుడో ఒకప్పుడు ఏ హెచ్‌ఆర్ నెత్తినైనా ఈ పని పడక మానదు.

జబ్బు అందరికీ తెలిసిందే. పనిమంతుడొకడు మానేస్తానంటాడు, జీతం పెంచడానికి బడ్జెట్ ఉండదు, టైటిల్ ముందు 'సీనియర్' తగిలిస్తారు. మళ్లీ గొణిగితే 'లీడ్', ఇంకా గొణిగితే 'అసోసియేట్ డైరెక్టర్'. పనీ అదే, జీతమూ అదే. ఆ కొత్త పేరు చూసి బయటి రిక్రూటర్లు ఫోన్ చేస్తారు. ఆ హోదాకి మార్కెట్లో ఎంత ఇస్తున్నారో అతనికి అప్పుడు తెలుస్తుంది. నిలుపుకోవడానికి ఇచ్చిన టైటిలే గేటు తీసి పంపిస్తుంది.

మొదటి మెట్లు సులువు. పేరోల్ నుంచి టైటిళ్ల జాబితా తీయడం, ఒకే పనికున్న రకరకాల పేర్లను కలపడం, గ్రేడ్‌లు ఎన్నో తేల్చడం, అంతే. గ్రేడ్‌లు మాత్రం తక్కువ పెట్టుకోండి. ఉద్యోగాల విలువ కట్టడానికి హే (Hay) అనే పద్ధతి ఒకటుంది. అందులో ఉద్యోగాన్ని పరిజ్ఞానం, సమస్యా పరిష్కారం, జవాబుదారీతనం అనే మూడు కొలతలతో తూస్తారు. రెండు ఉద్యోగాల మధ్య తేడా ఉందని అనిపించాలంటే అది సుమారు 15 శాతమైనా ఉండాలన్నది అక్కడి లెక్క. అంతకన్నా సన్నగా కోస్తే ప్రతి గీత దగ్గరా తగవే.

అసలు నరకం గ్రేడ్ ఖరారు మీటింగ్. ఉద్యోగం గురించి చెప్పమంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌లు మనిషి గురించి చెబుతారు. "ఎన్నేళ్లుగా చేస్తున్నాడో తెలుసా", "ఇది ఇవ్వకపోతే ఆమె వెళ్లిపోతుంది", "పక్క డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చారుగా". ఒకాయన అందరి ముందూ "ఫారాలు నింపించేవాళ్లకి మా పని విలువేం తెలుసు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఆయన పంపిన జాబ్ డిస్క్రిప్షన్లు మూడింటిని పక్కపక్కన తెరమీద పెట్టాను. పేరా పేరా ఒకటే, టైటిల్ ఒక్కటే వేరు. ఆ తర్వాత ఆయన గొంతు కాస్త తగ్గిందిలెండి.

ఈ మీటింగ్‌లోకి పేర్లు తీసేసిన కాగితాలతో వెళ్లండి. పేరు కనబడితే చర్చ పని మీద నుంచి మనిషి మీదకు జారిపోతుంది. 'చూసుకుంటారు', 'సమన్వయం చేస్తారు', 'వ్యూహాత్మకంగా' లాంటి మాటలు కొట్టేయండి, అవి పోతే సగం జాబ్ డిస్క్రిప్షన్లలో ఏమీ మిగలదు. వాటి బదులు అడగాల్సినవి వేరే: ఎవరినీ అడక్కుండా ఏ నిర్ణయం తీసుకోవచ్చు? ఎంత ఖర్చు దాకా సంతకం చెల్లుతుంది? తప్పు నిర్ణయం తీసుకుంటే అది బయటపడటానికి ఎంతకాలం పడుతుంది? ఈ చివరి ప్రశ్నకు మూలం సంస్థల్లో పని తీరును అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త ఎలియట్ జాక్స్ ఆలోచన. పైవాడు చూడకుండా ఒకరి విచక్షణకు వదిలేసిన పనుల్లో అన్నిటికన్నా పొడుగైనది ఎంతకాలం నడుస్తుందో దాన్ని బట్టి ఆయన ఉద్యోగాన్ని కొలిచాడు. మూడు నెలల లోపైతే మొదటి అంచె, ఏడాది దాకా రెండోది, రెండేళ్ల దాకా మూడోది, ఐదేళ్ల దాకా నాలుగోది. ప్రతి వారం పైవాడు సరిచూసే పనికి 'డైరెక్టర్' అని పేరుంటే ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

హెడ్‌లు పట్టుబట్టే ఇంకో సంగతి, కింద ఎంతమంది ఉన్నారన్నది. తలల లెక్కతో గ్రేడ్ ఇస్తే ప్రతి హెడ్ అవసరం లేకున్నా మనుషుల్ని చేర్చుకుంటాడు. అంతకన్నా నష్టమేంటంటే, చేతిలో విద్య ఉన్న నిపుణుడికి పైకెళ్లే దారి మేనేజర్ కుర్చీ ఒక్కటే అవుతుంది. మంచి నిపుణుడు పోతాడు, చెడ్డ మేనేజర్ తయారవుతాడు, ఆయన కింద విసిగిపోయి ఇంకో ఇద్దరు మానేస్తారు. నిపుణులకు విడిగా నిచ్చెన వేయడం కొత్త సంగతేం కాదు, ఐబీఎం 1962లోనే ఫెలో అనే హోదా పెట్టింది. కానీ ఆ నిచ్చెన మీదున్నవాళ్లకు డిజైన్‌ను ఆపే హక్కు, సొంత బడ్జెట్, మేనేజర్‌తో సమానమైన జీతం ఇవ్వకపోతే, అది ప్రమోషన్ రానివాళ్లను కూర్చోబెట్టే మూల అవుతుంది. ఇవ్వలేకపోతే ఆ నిచ్చెన వేయకండి.

జీతాల సంగతి క్లుప్తంగా. ఒక గ్రేడ్‌కి ఇచ్చే జీతాల పరిధి దాని మధ్యబిందువులో 80 నుంచి 120 శాతం దాకా ఉందనుకోండి. ఒక్కొక్కరి జీతాన్ని మధ్యబిందువుతో భాగించి చూడండి. 0.85 దగ్గర పెద్ద టైటిల్, మంచి పనితనం రెండూ ఉన్నవాళ్లే ముందు వెళ్లిపోయేది. ఉన్న కాస్త బడ్జెట్ వాళ్లకు పెట్టండి. 1.2 దాటినవాళ్ల జీతం కోయొద్దు, పరిధి వాళ్లను అందుకునేదాకా పెంపు ఆపండి. రాజీనామా ఇచ్చాక కౌంటర్ ఆఫర్ ఇవ్వడం నాకు అసలు గిట్టదు. బెదిరిస్తేనే జీతం పెరుగుతుందని మిగతావాళ్లకు మనమే పాఠం చెప్పినట్టు. వెళ్లేటప్పుడు అడిగే ప్రశ్నలు ఉన్నప్పుడే అడగండి: ఏ పని లాగేసుకుంటే మానేస్తావు? నీకొచ్చిన విద్యలో ఇక్కడ వాడనిదేంటి?

టైటిల్ తగ్గేవాళ్లకు మొదట వాళ్ల మేనేజరే ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఉత్తరం ఆ తర్వాత. జీతం, గ్రేడ్ తగ్గవని మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. ఖాతాదారులతో మాట్లాడేవాళ్లకు కార్డు మీద పాత టైటిల్ ఉంచినా నష్టం లేదు, లోపలి రికార్డులో మాత్రం కొత్త టైటిలే. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి మెయిల్ డైరెక్టరీకి వెళ్లే లింకును అందరికీ చెప్పడం అయ్యేదాకా ఆపించండి. "చెప్పేశాం" అని హెడ్‌లు టిక్కు పెట్టిన మాట నమ్మొద్దు, ఉద్యోగి సంతకం అడగండి. మా దగ్గర టిక్కులు ముందే పడ్డాయి, రాత్రికి రాత్రే డైరెక్టరీ మారింది, పొద్దున్నే మెయిల్ తెరిచి తన హోదా పోయిందని తెలుసుకున్నవాళ్లు తిన్నగా నా టేబుల్ దగ్గరికే వచ్చారు. టిక్కు పెట్టిన పెద్దమనిషి ఆ రోజు సెలవు.

అప్పీల్ ఫారం ఒక్క పేజీ చాలు. అందులో ఫలానావాళ్లకు ఇచ్చారన్న గడి ఉండకూడదు. గత ఏడాదిలో సొంతంగా తీసుకున్న మూడు నిర్ణయాలు, వాటి ఫలితం, అవి తెలిసిన ఒకరి పేరు అడగండి. అవి నింపి పంపినవాళ్లవి మళ్లీ తూచండి, కొందరికి గ్రేడ్ మారుతుంది కూడా. ఖాళీగా వచ్చినవి వాళ్ల హెడ్‌కే తిప్పి పంపండి.