జీడిపిక్కల బస్తాకి మాస్ ఎంత పెట్టాలి?

నేను చేస్తున్న గేమ్ అంతా పలాసలోని ఒక జీడి గోడౌన్‌లో జరుగుతుంది. ప్లేయర్ బస్తాలు లాగాలి, డబ్బాలు పేర్చాలి, ఇత్తడి బిందెతో నీళ్లు మోయాలి. గేమ్‌లు తయారుచేసే ఇంజిన్లు గోడో అయినా యూనిటీ అయినా, కొత్త వస్తువు పెట్టగానే దానికి మాస్ (ద్రవ్యరాశి) 1 అని ఇచ్చేస్తాయి, అంటే ఒక కిలో. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. నాకది అస్సలు నచ్చదు. పలాస కుర్రాడెవడైనా ఆడితే, బస్తాని ఒక్కసారి తోయగానే తేడా పట్టేస్తాడు.

మా వైపు జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. జీడిపప్పు డబ్బా 10 కిలోలు. ఇవి ఎవరినడిగినా చెబుతారు. చిక్కంతా బిందెతోనే. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించి మాస్ కట్టే పద్ధతి ఒకటుంది. ఇత్తడి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 8,500 కిలోలు. 15 లీటర్లు పట్టే బిందెని అలా లెక్కేస్తే 127 కిలోలు దాటుతుంది, లోపలంతా బోలు అన్న సంగతి ఆ లెక్కలోకి రాదు కాబట్టి. మా ఇంట్లో ఉన్న, ఇత్తడి సామాన్లకి పేరున్న బుడితి ఊరి బిందెని కాటా మీద పెట్టి చూశాను. ఖాళీగా మూడు కిలోల పైచిలుకు తూగింది. నీళ్లు నిండితే 18 అన్నమాట.

నీళ్లు పోసేకొద్దీ మాస్ ఒక్కటే పెంచితే చాలదు, గరిమనాభి కూడా జరపాలి. అది మొదట అడుగుకి దిగి, నిండేకొద్దీ మళ్లీ పైకి వస్తుంది. ఈ ఒక్క మార్పుతో, ఖాళీగా ఉంటే తగలగానే దొర్లిపోయే బిందె కాసిని నీళ్లు పడగానే నిలదొక్కుకోవడం మొదలుపెట్టింది. ఎంత ముచ్చటేసిందో!

మాస్ పెంచితే వస్తువు వేగంగా పడుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే కిందపడ్డాయి. గేమ్‌లోనూ అంతే, గాలి నిరోధం పెట్టకపోతే అన్నిటికీ ఒకటే గురుత్వ త్వరణం, 9.8. మరి బస్తా బరువుగా ఉందని ఎలా తెలియాలి? గోడౌన్‌లో మూటలు మోసే ఒకాయన్ని అడిగితే, "బస్తా ఎగరదు బాబూ, పడిన చోటే కూలబడిపోద్ది" అన్నాడు. వెంటనే బస్తాకి బౌన్స్ సున్నా చేసి, ఫ్రిక్షన్ పెంచాను. 80 అనే అంకె కంటే ఈ రెండింటివల్లే అది బస్తాలా కనిపించింది.

అసలు తలనొప్పి పేర్చేటప్పుడు వస్తుంది. ఈ ఇంజిన్లు తాకిడులన్నిటినీ ఒక్క దెబ్బలో తేల్చవు. ఒక్కో జంటనీ సర్దుకుంటూ కొన్ని రౌండ్లు తిరిగి ఆగిపోతాయి. కిలో కూడా లేని ఖాళీ డబ్బా మీద 80 కిలోల బస్తా పెడితే ఆ రౌండ్లు సరిపోవు. డబ్బా వణుకుతుంది, నేలలోకి దిగబడుతుంది, ఒక్కోసారి ఎటో ఎగిరిపోతుంది. ఒకదానిమీద ఒకటి ఉండే వస్తువుల మధ్య తేడా పది రెట్లు దాటకూడదన్నది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. బరువైనది కింద ఉంటే ఇంత ఇబ్బంది లేదు.

అందుకని బస్తాని 40కి దించి, ఖాళీ డబ్బాని 4కి పెంచాను. బస్తాని తోసే బలాన్నీ సగం చేశాను కాబట్టి అది కదిలే తీరు ఏమాత్రం మారలేదు. నిండు డబ్బా 10 దగ్గరే ఉంది. బిందె మీద బస్తా ఎలాగూ నిలవదు, అందుకే దానికి మాత్రం కాటా చూపించిన బరువే ఉంచాను.