మార్చి 4 ఆ, ఏప్రిల్ 3 ఆ?

"సార్, ఇది మార్చి 4 ఆ, ఏప్రిల్ 3 ఆ?" అంటూ మా బీఎస్సీ విద్యార్థిని ఈ ఉదయం ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేసే వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లో తనకిచ్చిన అమ్మకాల ఫైలులో 03-04-2024 అని ఉంది. కింది వరుసల్లో 17-04, 04-22 రెండూ కనిపిస్తున్నాయి.

ఇన్నేళ్లుగా నేను ల్యాబ్‌లో ఇచ్చిన పట్టికలన్నీ ఇలాంటి తేడాలు ముందే సరిచేసి శుభ్రం చేసినవి కనుక, ఈ ప్రశ్న నా తరగతిలో ఎవరికీ రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినప్పుడు, ఇంట్లో కూర్చుని చేసేది సర్టిఫికెట్ కోసమేనని స్టాఫ్ రూములో వాదించినవారిలో నేనూ ఒకణ్ణి. (వీడియోలను పరుగెత్తించి పూర్తయిందనిపించేవారు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే సంగతి.)

సాయంత్రానికి ఆ అమ్మాయి వరుసలను బ్రాంచీలవారీగా విడదీసి, ఒక బ్రాంచివారు మాత్రమే నెలను ముందు రాస్తున్నారని కనిపెట్టింది. రేపటి ల్యాబ్‌కు నేనూ తేదీలు కలగాపులగంగా ఉన్న ఫైలొకటి తయారుచేస్తున్నాను.