ఇరవైనాలుగు అంగుళాల కోపం

పదకొండున్నరైంది. పడుకోకుండా ఇది రాస్తున్నానంటే ఆ ఫిల్టర్ వల్లే.

మధ్యాహ్నం అయ్యేసరికి తెర మీద అక్షరాల కన్నా నా మొహం, వెనకున్న కిటికీ ఎక్కువ కనిపిస్తున్నాయని మొన్న గోల పెట్టాను కదా. ఇవాళ ఆ ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్, అదే యాంటీ గ్లేర్ షీటు, వచ్చింది, కానీ పట్టలేదు. దాని మీద 24 అంగుళాలని ఉంది, నా మానిటరూ 24 అంగుళాలదే. అయినా ఎత్తు రెండు సెంటీమీటర్లు ఎక్కువ, వెడల్పు ఒకటి తక్కువ! ఆ 24 మూల నుంచి మూలకి కొలిచిన అంకె. నాది వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 16:9, అంటే సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు. వచ్చిందేమో 16:10ది. "ముందే టేపు పెట్టి కొలవాల్సింది" అన్నారు ఈయన. నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నాన్న డబ్బా మానిటర్‌కి ఈ గొడవ లేదు. నల్లటి గాజు ఫిల్టర్ పైనుంచి కొక్కేలతో వేలాడేది. దానికో సన్నటి వైరు తోక. స్టాటిక్ పోవడానికని దాని కొసని సీపీయూ వెనక స్క్రూకి బిగించేవారు. గదిలో వెలుతురు ఆ గాజును దాటి లోపలికెళ్లి, మళ్లీ దాటి బయటికి రావాలి, తెర వెలుగు మాత్రం ఒక్కసారి దాటితే చాలు, అందుకే అక్షరాలు నెగ్గుతాయని చెప్పేవారు. నాకు అదేం పట్టేది కాదు. ఫిల్టర్ తీసి, చెయ్యి తెర దగ్గర పెట్టి, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే చూడ్డమే పని. ఒకసారి తోక కూడా ఊడదీశాను. నాన్న చూశారు. ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తెచ్చుకుని మళ్లీ బిగించుకున్నారు. తిట్టినా బాగుండేది.

సరే, షీటుని ఊరికే తెరకి ఆనించి చూశాను. మొహం పోయింది కానీ కిటికీ పోలేదు, తెల్లటి మరకలా పరుచుకుంది. వెలుతుర్ని అది మింగదు, చెదరగొడుతుందంతే. పైగా అక్షరాల చుట్టూ ఇసుక చల్లినట్టు. చివరికి బల్లనే తిప్పేశాను, కిటికీ పక్కకొచ్చేలా. ముప్పాతిక వంతు బాధ పోయింది. ఈ పని ముందే చేసుంటే? ఈయనకి ఇంకా చెప్పలేదు.

అసలు ఫిల్టరే అక్కర్లేదని రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే వెనక గోడ మీది ట్యూబులైటు తెర మీద అడ్డంగా తెల్లగీత గీసింది. లైటార్పి రాస్తే కళ్లు లాగుతున్నాయి. సరైన కొలతది తెప్పించాలేమో. ముందు దీన్ని వెనక్కి పంపాలి. పెట్టె మాత్రం మధ్యాహ్నం కోపంలో చింపేశాను.